దీక్షల జాబితాకు నేను పెట్టిన చుక్కలు

నేను చెప్పిన దాంట్లోంచి పావు వంతు తీసేసి వినడం మా స్నేహితులకు అలవాటు. మా ఆవిడ సగం తీసేస్తుంది. మీరు కొత్తవారు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను: నా కథలోకి పిల్లి వస్తే, అది పులి అయ్యేదాకా నాకు నిద్ర పట్టదు. అయినా ఈసారి జరిగిన ఘోరం మాత్రం నిఖార్సయినది. తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉన్న రోజుల్లో, గాలివానకు లేవని, లాఠీలకు బెదరని దీక్షా శిబిరాన్ని నేను ఒంటిచేత్తో ఖాళీ చేయించాను. నా ఆయుధం చుక్కలు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మానుకోటలో మూడు నెలలు కంప్యూటర్లో పేజీలు పేర్చడం నేర్చుకుని, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడి నడకతో జనగామ వచ్చి స్వరూపక్క డీటీపీ సెంటర్లో చేరాను. శుభలేఖ ఇస్తే తీగలు అల్లేవాణ్ణి, రసీదు పుస్తకం ఇస్తే నెమళ్లు దింపేవాణ్ణి. ఒకసారి శ్రద్ధాంజలి కార్డుకు కూడా నెమలిని పెట్టబోతే అక్క మౌస్ లాక్కుంది.

మా సెంటర్‌కు ఎదురుగానే దీక్షల టెంటు. దాన్ని నడిపేది సోమయ్య సారు, రిటైరైన లెక్కల టీచరు. రోజుకో ఊరి నుంచి పది మంది వచ్చి, పొద్దున మెడలో దండలు వేయించుకుని, తిండి మానేసి సాయంత్రం దాకా కూర్చుంటారు. పొద్దు గూకే వేళ సారు నిమ్మరసం ఇచ్చి దీక్ష విడిపిస్తాడు. మర్నాడు ఇంకో ఊరు. టెంటు ముందు ఒక నల్ల బోర్డు. దాని మీద ‘దీక్షలు ఇన్నో రోజు’ అని రోజూ పొద్దున అంకె దిద్దేది సారే. ఆ అంకె దిద్దేటప్పుడు ఆయన ముఖం చూడాలి, మనవరాలికి జడ వేస్తున్నట్టు ఉండేది.

ఒకరోజు సారు జాబితా తెచ్చి నా ముందు పెట్టాడు.

“రవీందర్, ఇరువై ఊర్లున్నయ్. ఒకటో తారీఖు నుంచి ఇరువై దాక. ఎడమ దిక్కు ఊరు, కుడి దిక్కు తారీఖు. నడుమ చుక్కలు పెట్టు. చదువు రానోళ్లు గూడ ఏలు వెట్టుకుంట పోయి తారీఖు పట్టుకోవాలె.”

“చదువు రానోళ్లకు తారీఖు ఎట్ల తెలుస్తది సారూ?”

“అంకెలు రానోడు లేడు బిడ్డా. బస్సు నంబరు చూసి ఎక్కెటోనికి తారీఖు తెల్వదా?” తర్వాత గొంతు తగ్గించాడు. “జర పైలంగ చెయ్యి. టెంటు ఒక్కదినం ఖాళీ అయిందనుకో, బోర్డు మీద మళ్ల ఒకటి నుంచి రాస్తనని నలుగురి ముంగట మాటిచ్చిన. ఎన్నొద్దుల కష్టం, నీకు తెల్వంది గాదు.”

తెలియనిది కాదు. అయినా నా కళ్లు అప్పటికే చుక్కల మీద పడ్డాయి.

మా సాఫ్ట్‌వేర్లో ఊరి పేరు కొట్టి, ట్యాబు మీట నొక్కితే చుక్కలు వాటంతటవే వెళ్లి తారీఖు దగ్గర ఆగేవి. చూడముచ్చటగానే ఉండేవి. కానీ కందకు లేని దురద నాకెప్పుడూ ఉండేది.

“అక్కా, గివి చీమల బారు లెక్క ఉన్నయ్. ముత్యాల లెక్క ఉండాలె.”

“ఉపాసమున్నోళ్లకు ముత్యాలెందుకు తమ్మీ. మంచిగనే ఉన్నయ్, గెలకకు.”

గెలకవద్దన్నదాన్ని గెలకకపోతే ఇరవై నాలుగేళ్లు ఎందుకు? ముందు చుక్కకూ చుక్కకూ నడుమ ఖాళీ పెంచాను. ముత్యాలయ్యాయి. అప్పుడు తారీఖులు వంకరగా కనిపించాయి. వాటిని అక్కణ్ణుంచి పీకి, కుడివైపు వేరే బాక్సులో నిలువుగా నిలబెట్టాను. పోలీసు పెరేడ్ కూడా అంత తిన్నగా ఉండదు. అప్పుడు వరసకూ వరసకూ మధ్య ఇరుకనిపించింది. పద్దెనిమిది పాయింట్లున్న ఎడాన్ని పంతొమ్మిది చేశాను. ఒక్క పాయింటు అంటే ఎంతనుకున్నారు? ఆవగింజ కూడా దానికంటే లావు. అయితే ఆ ఆవగింజను ఊళ్లకూ చుక్కలకూ పెట్టాను. వేరే బాక్సులో ఉన్న తారీఖులకు పెట్టడం మర్చిపోయాను.

అంటే ఏమైందో చూడండి. మొదటి ఊరి చుక్కలు మొదటి తారీఖుకే వెళ్లాయి. రెండో ఊరివి ఒక ఆవగింజ కిందికి, మూడో ఊరివి రెండు ఆవగింజలు కిందికి జారాయి. పదో ఊరికి వచ్చేసరికి చుక్కలు పదికీ పదకొండుకూ సరిగ్గా నడుమ, ఏ బస్సు ఎక్కాలో తెలియని చుట్టంలా నిలబడ్డాయి. అక్కడి నుంచి కింద ఊళ్లన్నీ ఎవరి మర్నాటికి వాళ్లు చేరాయి.

నాకు అనుమానమే రాలేదు. ముత్యాలు చూసుకుని మురిసిపోతున్నాను. కాగితాలు అచ్చయి ఊరూరా గోడలెక్కాయి.

తొమ్మిది రోజులు దివ్యంగా నడిచింది. పదో తారీఖు పొద్దున, నేను ఇడ్లీ తినడానికి లేస్తుండగా సోమయ్య సారు వచ్చాడు. చేతిలో పది దండలు.

“టెంట్ల పురుగు లేదు రవీందర్. ఇయ్యాల నర్మెట్ట దిక్కు తండోళ్లు రావాలె. ఫోన్ కొట్టు.”

కొట్టి, స్పీకరులో పెట్టాను. తండా మహిళా సంఘం పెద్ద సక్రిబాయి ఎత్తింది.

“నమస్తే సారూ. మాకు రేపు గదా? చుక్కల మీద ఏలు వెట్టుకుంట వొయినం, పదకొండు కాడ తేలినం.”

“రేపు పాలకుర్తి దిక్కు దామోదర్ పటేల్ ఊరున్నది గదమ్మా.”

“మరి మా చుక్కలు గట్లనే చెప్పినయ్.”

సారు ఫోన్ పెట్టేసి గోడ మీది జాబితా ముందు నిలబడ్డాడు. జేబులోంచి స్కేలు తీశాడు. లెక్కల సారు, రిటైరైనా స్కేలు రిటైర్ కాలేదు. ఊరి దగ్గర పెట్టి, తారీఖు దాకా చూసి, నా వైపు తిరిగి మొదలుపెట్టాడు.

“నీ చుక్కలల్ల మన్నువడ. ఓరి ముత్యాల రంగా, నీకు గీత గుంజుమంటె గండి గొడ్తివి గదరా. నిన్ను ఏ సారు పాస్ చేసిండు, ఆని పేరు చెప్పు, ముందుగాల ఆనింటికి వోత. ఇన్నొద్దులు నిలవెట్టుకున్న టెంటును ఇయ్యాల నీ ఏలుతోని గూలగొట్టినవ్.”

ఇలా పావుగంట. అందులో ఒక్క తిట్టు కూడా రెండోసారి రాలేదు. బస్టాండులో జనం బస్సులు వదిలేసి విన్నారు.

“ఇప్పుడేం జేద్దాం సారూ?” అంది స్వరూపక్క.

“ఏముంది, ఈన్నే కూసుండవెడ్త.”

“సారూ, నేను ఇంక టిఫిన్ గూడ చెయ్యలే.”

“మంచిగైంది. టిఫిన్ చేసినోడు దీక్షకు పనికిరాడు.”

పిండి కొద్దీ రొట్టె అంటారు. నాకు పాయింటు కొద్దీ పస్తు. పది మందికని తెచ్చిన దండలు పదీ నా మెడలోనే పడ్డాయి. కళ్లు తప్ప ఏమీ కనబడకుండా, జంపఖానా మీద కూర్చోబెట్టిన బతుకమ్మలా తయారయ్యాను. సారు బోర్డు మీద అంకె దిద్దాడు. మళ్లీ ఒకటి కాదు, నిన్నటి తర్వాతి అంకె.

పక్కనే హోటల్లో పూరీలు వేస్తున్నారు. పదకొండు గంటలకల్లా ఏ పూరీ ఎంత పొంగిందో వాసనను బట్టి చెప్పగలిగే విద్య నాకు అబ్బింది. పన్నెండింటికి టెంటు గుంజ చెరుకుగడలా కనిపించింది. ఒకాయన ఆగి, “ఏ ఊరు తమ్మీ మీది, ఒక్కనివే వచ్చినవ్?” అని అడిగాడు. “డీటీపీ సెంటర్” అన్నాను. కొత్త గ్రామ పంచాయతీ అనుకుని దండం పెట్టి పోయాడు.

ఒంటిగంటకు ఒక జీపు, ఒక ట్రాలీ ఆటో ఒకేసారి వచ్చి ఆగాయి. జీపులోంచి దామోదర్ పటేల్ దిగాడు, ఆటోలోంచి సక్రిబాయి, ఆమె వెనుక తండా ఆడవాళ్లు. పొద్దుటి ఫోన్ సంగతి పాకి, రేపటి రోజు ఎవరిదో తేల్చుకోవడానికే ఇద్దరూ వచ్చారు.

“సారు నాకు నోటితోని చెప్పిండు. పదకొండు మాదే,” అన్నాడు పటేల్.

“మాకు కాయిదం చెప్పింది పటేలా. నోటిమాట పెద్దదా, కాయిదం పెద్దదా?”

“ఏందమ్మా, ఉపాసం కాడ గూడ లొల్లేనా? మా ఊరోళ్లకు ఎట్లుండాల్నో అన్నీ చెప్పి తయారు చేసిన.”

“ఆకలి సంగతి మాకు చెప్పకు పటేలా. దాంట్ల మేమే సీనియర్లం.”

పటేల్ తానే నవ్వేశాడు. అప్పుడు సక్రిబాయి చూపు దండల గుట్ట మీద పడింది.

“గిదెవరు సారూ, పూలల్ల?”

“చుక్కలు వెట్టినోడు.”

ఆమె తమ భాషలో వెనకవాళ్లతో ఏదో అంది. అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాత వచ్చి నా మెడలోంచి దండలు ఒక్కొక్కటే తీసి తనవాళ్లకు వేసింది. చివరి దండ నాకే వదిలేసింది. “జర జరుగు కొడుకా. రేపటి లొల్లి పటేల్‌కే ఇడిసిపెట్టినం. మేం ఇయ్యాల్నే కూసుంటం. పొద్దున అంబలి తాగినం గని, సాయంత్రం దాక ఇంకేం ముట్టం. నడుస్తదా సారూ?”

సారు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “నడుస్తదమ్మా” అన్నాడు.

జనగామ శిబిరంలో అంతకంటే సందడైన పస్తు ఇంకోటి లేదు. సాయంత్రం సారు మొదటి గ్లాసు సక్రిబాయికి, చివరి గ్లాసు నాకు ఇచ్చాడు. నేను రెండు గుక్కలు తాగానో లేదో, ఆయన మళ్లీ జాబితా విప్పాడు.

“నేను ఇరువై తారీఖులే రాసిచ్చిన. అడుగున ఇరువై ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“ఆఖరూరి చుక్కలకు ఎదురుంగ ఏం లేకుండె సారూ. మీరు మర్చిపోయిండ్రనుకుని నేనే ఒకటి పెట్టిన.”

“సరే. ఊర్లన్నిటికి నేను మళ్ల ఫోన్ చేసి చెప్పుకుంట. ఇరువై ఒకటికి ఎవ్వరు లేరు గదా. అది నీదే. పొద్దుగాల్నే వచ్చి కూసో.”

కూర్చున్నాను. ముందు రాత్రి ఎన్ని చపాతీలు తిన్నా లాభం లేకపోయింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టిన చుక్కను నేను ముట్టను, జరపను, ముత్యం చేయను. ఖాళీగా కనిపించిన చోట క్యాలెండర్‌కు కొత్త రోజులు కలపను. ఒకవేళ కలిపితే, కడుపు నిండా తిన్నాకే కలుపుతాను.

ఇక ఇందులో ఏది కల్పించానో కూడా చెప్పాలి. దండలు నిజంగా పదే. సక్రిబాయి అన్న మాట అక్షరం తేడా లేదు. కల్పించినవి సోమయ్య సారు తిట్లు. ఆయన స్కేలు జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, “చుక్కలు మంచిగనే పెట్టినవ్ రవీందర్, తారీఖులే జరిగినయ్” అన్నాడు, అంతే. పావుగంట తిట్టించుకుంటే గానీ ఆ మాట నాకు మింగుడు పడదని, తిట్లు నేనే రాసుకున్నాను.