మూడో అచ్చుతప్పు

మా మాస్టారు కిందటి మంగళవారం ఉదయం కన్నుమూశారు. ఎవరి అనుమతీ తీసుకోలేదు. ప్రతి పనికీ సర్కారు అనుమతి ఎందుకని జీవితమంతా అడిగిన మనిషి కాబట్టి, ఇది ఆయన సిద్ధాంతానికి తగిన మరణమే. దహనానికి మాత్రం మునిసిపాలిటీ కాగితం కావలసి వచ్చింది. దానికోసం వరుసలో నిలబడినప్పుడు నాకు నవ్వొచ్చింది. పక్కకి తిరిగి ఆ నవ్వు ఎవరితో పంచుకోవాలో తోచలేదు.

గోపాలపట్నంలో ఆయన ఇంటి ముందుగదిలో ఆదివారం సాయంత్రాలు మా సంఘం కూడేది. నేను, సిమెంటు కొట్టు బావ, పోర్టు గుమాస్తాలు మరో నలుగురు. లైసెన్సులూ పర్మిట్లూ పోవాలని, మనుషుల్ని వాళ్ళ మానాన బతకనివ్వాలని మా కోరిక. నిబంధనలంటే పడని ఆ సంఘానికి మాస్టారు పెట్టిన నిబంధన ఒక్కటే: ఒకరి బదులు ఇంకొకరు నిర్ణయించరాదు, ఒకరి పేరు ఇంకొకరు వాడరాదు. ఆయన దాన్ని టీ దాకా పాటించేవారు. ఎవరి చక్కెర వాళ్ళే వేసుకోవాలి. కిటికీ మూయాలన్నా అందరినీ అడిగేవారు. ఒక్కడు వద్దంటే అందరం జల్లులో తడిసేవాళ్ళం.

ఎమర్జెన్సీలో మాస్టారి వీధి చివరి గుడిసెలు పడగొట్టినప్పుడు, అక్కడ కొంప పోగొట్టుకున్న చేపల పెద్దమ్మకి ఆయన అర్జీ రాసిచ్చారు. సర్కారుకి అర్జీ రాయడం ఆయన జన్మలో అదొక్కసారే. ఆ గుడిసెల్ని దగ్గరుండి పడగొట్టించిన నాయకుడే తరవాత ఎన్నికల్లో నిలబడ్డాడు. సిమెంటు పర్మిట్లు ఎత్తేయిస్తానన్నాడు. మా బావ కళ్ళు మెరిశాయి.

"మనం ఇన్నాళ్ళూ సెప్పిందదే కదా మేస్టారూ. మీరు ఊ అంటే సాలు, సంఘం మద్దతని కరపత్రం ఏసెద్దాం."

"వడ్లకి మద్దతు ధరే వద్దన్నవాళ్ళం. ఈయనకి మద్దతు ఎలా ఇస్తాం?"

మేము నవ్వాం. ఆయన నవ్వలేదు.

"పర్మిట్ తీసేస్తాడని, కొంప తీసేసినవాణ్ణి మంచివాడని నా చేత అనిపించకండి. మీ పేర్లు మీ ఇష్టం."

మా పేర్లతో కరపత్రం వేస్తే మా ఇంట్లోవాళ్ళు కూడా చదవరు. రాయడం నా వంతు.

"పైన మేస్టారి పేరెట్టెయ్ బావా. ఆయనేటీ అనరు," అన్నాడు బావ.

పెట్టేశాను. కొంటెపనుల్లో నాకు కాస్త పేరుంది. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

మాస్టారు కరపత్రం చివరిదాకా చదివి మడత పెట్టారు. "మూడు అచ్చుతప్పులున్నాయిరా. మూడోది నా పేరు."

మరో రెండు రోజులకి పెద్దమ్మ ఆ కాగితం పట్టుకొచ్చి గేటు దగ్గరే నిలబడింది. నేను లోపల కుర్చీలో ఉన్నాను.

"మా కోడలు సదివింది. ఇది మీ పేరేనా మేస్టారూ?"

ఆయన నావైపు చూశారు. చాలాసేపు చూశారు. నేను టీ తాగుతూ ఉండిపోయాను.

"పేరు నాదేనమ్మా."

"సరే బాబూ," అని ఆమె వెళ్ళిపోయింది. ఆ వీధిలోకి ఆమె గంప మళ్ళీ రాలేదు. నాయకుడు గెలిచాడు. పర్మిట్లు పోలేదు, మా బావకి అదనంగా ఒకటి దొరికింది.

ఎందుకు ఖండించలేదని తరవాత ఒకసారి ఆయన్నే అడిగాను. అడగడానికి నాకు సిగ్గులేకపోయింది.

"చెప్పాల్సినవాడివి నువ్వు. నీ చేత బలవంతాన చెప్పిస్తే నేనేం మనిషినిరా? నువ్వే చెప్తావులే."

నాలుగేళ్ళు ఆగారు. ఈ నాలుగేళ్ళలోనూ ప్రతి ఆదివారం వెళ్ళాను, జోకులేశాను, చక్కెర నేనే వేసుకున్నాను.

సంతాప సభలో బావ తీర్మానం చదివాడు. ఫలానా నాయకుణ్ణి అందరికంటే ముందు బలపరిచిన దూరదృష్టి మాస్టారిదని అందులో ఉంది. నేను లేచాను. బావ నా చొక్కా పట్టి లాగాడు.

"కూకో బావా. పోయినోరికి ఇప్పుడేటి తేడా?"

కూర్చున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆ మద్దతు మాస్టారిది కాదు. ఆయన వద్దన్నాక, ఆయన పేరు రాసినవాణ్ణి నేను.

నిన్న పొద్దున్న బజారుకి వెళ్ళి పెద్దమ్మకీ ఇదే చెప్పాను. కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగలేదు.

"ఆ రోజు నువ్వక్కడే కూకున్నావు కదా బాబూ."

"అవును."

"మేస్టారు నీ యేపు తిరిగితే, సిగ్గేసి నా యేపు సూడలేకపోతన్నారనుకున్నాను నాను."

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చేపని గంపలో పడేసి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని లేచింది. మాస్టారి వీధి వైపు నడిచింది. నేను కొంత దూరంలో వెనకే వెళ్ళాను. ఇంటికి తాళం వేసి ఉంది. ఆమె ఆ గేటు ముందు చెప్పులు విప్పింది. తారు అప్పటికే కాలుతోంది. చాలాసేపు అలాగే, వట్టికాళ్ళతో నిలబడే ఉంది.