ఆకు పడని అతిథి

మొన్న రాజమహేంద్రవరంలో రైలు దిగి బయటికి వస్తే, ఎదురుగా కొత్తగా పెట్టిన భోజనాల హోటలు కనిపించింది. లోపల వరసగా అరిటాకులు వేసి ఉన్నాయి; ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేవాళ్ళు లేకుండానే వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చుని తింటున్నారు. నేనూ కూర్చున్నాను గాని, ఆకు మీద నీళ్ళు చల్లుకుంటుంటే మనసు కాలవ పడవల రోజులకు వెళ్ళిపోయింది. నా ఈడువారికి చెప్పనక్కర్లేదు, అప్పట్లో కొత్త ఊరు వెళ్ళడమంటే ముందు పడకా తిండీ వెతుక్కోవడమే.

పాలకొల్లులో మాది బట్టల కొట్టు. నాకేమో గజంబద్ద పట్టుకోవడం కంటే పిల్లలచేత బలపం పట్టించడం ఇష్టం. పడవ మీద ఒక పూట ప్రయాణంలో, కాలవ నీళ్ళకు తలుపులుండే లాకు పక్కనున్న చిన్న పల్లెలో బడిపంతులు పని దొరికింది. నాన్నగారు ససేమిరా అని, చివరికి ఒక షరతు పెట్టారు. మూడోనాడు పడవ తిరిగి వచ్చేలోగా ఉండడానికీ తినడానికీ కుదురైన చోటు దొరికితే సరే, లేకపోతే ఆ పడవలోనే వచ్చి కొట్లో కూర్చోవాలి.

ఆ పల్లెలో సత్రం లేదు, పూటకూళ్ళ ఇల్లూ లేదు. మా వాళ్ళ, అంటే మా కులంవాళ్ళ, గడపలు మాత్రం పది ఉన్నాయి. అందరూ ఆప్యాయంగానే పలకరించి భోజనమైందా అని అడిగారు, నేనేమో అయిందండి అన్నాను. మా అమ్మ పెంపకం అలాంటిది మరి: మొదటిసారి అడిగితే అయిందనాలి, రెండోసారికి మొహమాటపడాలి, మూడోసారికి కాళ్ళు కడుక్కోవాలి. ఆ పల్లెవాళ్ళు మాత్రం అయిందన్న మనిషిని మళ్ళీ అడగడం మర్యాద కాదనుకునే రకం. ఒకరింట్లో తిన్నానని ఇంకొకరు అనుకున్నారు. పొయ్యి రాజెయ్యడమైనా చేతకాని నేను బడి అరుగు మీద పడుకుని, అమ్మ మూటకట్టిన అటుకులు నములుతూ రెండు రోజులు గడిపాను. పిల్లలు అప్పుడే చుట్టూ మూగి ఇసకలో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు, వాళ్ళను వదిలి వెళ్ళాలంటే నాకు ఏడుపొచ్చింది.

మూడోనాడు మూట సర్దుకుని లాకు దగ్గర కూర్చున్నాను. అక్కడ మా వాళ్ళలోనే ఒక పెద్దావిడ, ఊరందరికీ మామ్మగారు, అరటిదొడ్డి పెంచుకుంటూ ఒంటరిగా ఉండేది. ఎవరింటికి చుట్టం వచ్చినా ఆకు ఆవిడ దొడ్లోంచే కోసుకెళ్ళడం ఆ ఊరి అలవాటు. ఆవిడ నా మూట వంకా మొహం వంకా చూసి దగ్గరికి వచ్చింది.

"పంతులుగారూ, మీరొచ్చి మూడు రోజులైంది, మీకోసమని ఒక్కరూ ఆకు కోసుకెళ్ళలేదండి. మరి మీరెక్కడ భోంచేస్తున్నారు?"

అలవాటైన మాటే అందామనుకున్నాను, నోరు రాలేదు. "ఎక్కడా తినలేదండి" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ నన్ను వెంటబెట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళింది. పెద్ద ఆకు కోసి పంచలో వేసి, వేడన్నం, పప్పు, దోసావకాయ వడ్డించింది. నేను నాన్నగారి షరతు సంగతి ఆవిడకు చెబుతూ మజ్జిగన్నం కలుపుకుంటూ ఉండగా పడవ రానే వచ్చింది. పడవవాడు పిలిస్తే ఆవిడే గుమ్మంలోంచి, పంతులుగారు రారని మా నాన్నగారికి చెప్పమంది. సాయంత్రానికి పది గడపలవాళ్ళూ వచ్చి ఎంతో నొచ్చుకుని, నా భోజనానికి వంతులు వేసుకోబోయారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ పంచలోనే ఉండి, ఆ చేతి అన్నమే తిని, నేను ఆ ఊళ్ళో రెండు తరాల పిల్లలకు చదువు చెప్పాను.

ఇప్పటి హోటళ్ళను నేను తప్పుపట్టను. నాలాంటి మొహమాటస్థుడు ఇక పస్తుండనక్కర్లేదు, అవి ఊరూరా రావాలనే నా కోరిక. చెయ్యి కడుక్కుని పైకండువాతో తుడుచుకుంటూ ఆ వరసల వంక ఒకసారి చూశాను. తిన్న ఆకులు ఎత్తేసి చకచకా కొత్తవి వేస్తున్నారు. ఎవరికి ఆకు పడలేదో చూసే మనిషి మాత్రం అక్కడ కనిపించలేదు.