కోటవీధి రేడియోలో మోహనక్క ఎకసెక్కాలు

మోహనక్కకు తనకంటూ ఒక గొంతు ఉండాదని నలభై ఆరో ఏట తెలిసింది. అంతకు ముందు ఇరవై నాలుగేళ్లు ఆర్కెస్ట్రాలో పాడింది. పెండ్లిండ్లు, జాతర్లు, వినాయక చవితి పందిళ్లు, ఏదైనా సరే, సినిమాలో పెద్ద గాయని ఎట్ల పాడింటే అట్లే దించేది. చిత్తూరు నుంచి సూళ్లూరుపేట దాకా జనం చప్పట్లు కొట్టినారు గానీ, ఆ చప్పట్లు ఎవురికో ఆమెకూ తెలుసు. తర్వాత డీజే వచ్చింది. పది మంది నిలబడి పాడే చోట నాలుగు డబ్బాలొచ్చి కూర్చున్నాయి. మొగుడు నారాయణ డ్రమ్ములు అమ్మేసి ఆటో తోలుకుంటా ఉంటే, ఈమె ఇంట్లో ఊరగాయలు పెడతా, డీజేలోళ్లకు పుట్టగతులుండవని శపిస్తా కాలం గడిపింది.

మా కోటవీధి రేడియో చంద్రగిరిలో ఎరువుల అంగడి పైన రెండు రూములు. పది పన్నెండు కిలోమీటర్లు వినపడతాది. నేను ఆడ మిక్సరు ముందర కూర్చుంటాను. నడిపేది హరినాథ్ సారు, రిటైరైన లెక్కల లెక్చరరు. ఊరోళ్లు సంఘంగా చేరి పెట్టుకున్న రేడియో ఇది. వ్యాపారం గాదు, ప్రకటనలు తీసుకోము. సినిమా పాట వెయ్యాలంటే హక్కులోళ్లకు డబ్బు కట్టాల, ఆ డబ్బు మాకు లేదు. అందుకే మాది పాటల్లేని పాటల రేడియో. ఒక హరికథ, రెండు కోలాటాలు, సారు మేనకోడలు వాయించిన వీణ. అవే తిప్పి తిప్పి వేస్తా ఉంటిమి. ఆ వీణకు వీధికుక్కలు కూడా అలవాటు పడిపోయినాయి.

కొత్త గొంతు కావాలని సారు మోహనక్కను పిలిపించినాడు. ఆయమ్మ పట్టుచీర కట్టుకోని, పూలు పెట్టుకోని వచ్చింది. మైకు ముందర కూర్చోని గొంతు సవరించుకోగానే సారు అన్నాడు:

"సినిమా పాట వద్దమ్మా. నీ పాట ఏదైనా పాడు."

"నా పాటా? నా పాట యాడుండాది సార్?"

"ఉంటాదిలే. ఆలోచించు."

"ఇరవై నాలుగేళ్లు పాడినాను, ఒక్కడన్నా నా పాట అడిగినాడా? ఇప్పుడు రమ్మని పిలిచి, నీ పాట తెచ్చుకోలేదా అంటే?"

అప్పటికే లైవులో ఉండాము. మైకు ఆపాల్సింది నేను. ఆపలేదు. ఈ జన్మలో నేను చేసిన మంచి పని అదొక్కటే. మోహనక్కకు కోపం నెత్తికెక్కింది. చిన్నప్పుడు పెండ్లిండ్లలో వాళ్ల మేనత్త మగపెళ్లివాళ్లను ఎకసెక్కాలాడిన వరస ఒకటి గుర్తుకొచ్చి, ఆ వరసలో సారునే ఎత్తుకుంది.

"హరినాథయ్య రేడియోలో అన్నీ ఉండాయంట!
మైకుండాది, కుర్చీలుండాయి, పాటే లేదంట!
విస్తరేసి పిలిచి మమ్మల్ని, అన్నం మీరే తెమ్మన్నాడంట!"

సారు మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. ఫోను మోగింది. మళ్లీ మోగింది. "ఇంకోటి పాడమనప్పా ఆయమ్మను" అని ఒకరు, "మా అత్త మీద ఒకటి పాడతాదా?" అని ఇంకొకరు. పెట్టినప్పటి నుంచి మా రేడియోకు ఒకే పూట అన్ని ఫోన్లు రాలేదు.

అట్ల మొదలయింది పొద్దున పదకొండు గంటల ఎకసెక్కాల కార్యక్రమం. వియ్యపురాలి మీద పాడింది: "ముక్కుపుడక అరతులం, మూతి విరుపు ఆరు తులాలు." కొత్తల్లుడి మీద పాడింది. మొగుడు నారాయణ మీద పాడితే ఆయన ఆటోలో సౌండు పెంచి అందరికీ వినిపించినాడు. పూలు కట్టే ఆడోళ్లు, మిషను కుట్టేవాళ్లు, దోసెల బండ్లోళ్లు, అందరూ ఆ టయానికి రేడియో పెట్టేవాళ్లు.

ఒకరోజు తిరుపతి బస్సులో పూలగంప పెట్టుకున్న ముసలామె మోహనక్క టికెట్ అడిగిన గొంతు విని తిరిగి చూసింది. "నువ్వు మోహనవి గదా?" అనింది. ఇన్నేళ్లలో ఎవురూ ఆమెను గొంతు పట్టి పోల్చలేదు. ఎవురెవురి గొంతో అనుకున్నారు గానీ ఆమెది అనుకోలేదు. మోహనక్క దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు స్టాపుల అవతల దిగి, రోడ్డు పక్కన నిలబడి ఏడ్చిందంట. మాకు చెప్పేటప్పుడు మాత్రం "కండక్టరు ఆపలేదబ్బా" అని వాణ్ణి తిట్టింది.

ఆ తర్వాత గుంత పాట. మా వీధిలో కాలవ కోసమని కాంట్రాక్టరు కృష్ణమూర్తి తవ్విన గుంత నాలుగు నెలలు అట్లే ఉండాది. మోహనక్క కాలు జారి అందులో పడింది. మరుసటి రోజు పాడింది.

"గుంత తవ్విన మారాజా, గుమ్మం దాటి రావయ్యా!
పంచె ఎగగట్టుకోని పల్టీ ఒకటి కొట్టవయ్యా!
దోమలకు ఇండ్లు కట్టించిన ధర్మాత్ముడివి నీవయ్యా!"

గంటలో కృష్ణమూర్తి మెట్లెక్కి వచ్చినాడు.

"ఎవురు నన్ను పాటలో పెట్టింది?"

"మీ పేరు యాడ చెప్పినాము సార్?" అన్నాడు హరినాథ్ సారు.

"పేరెందుకు? ఆ గుంత నాది గాదా?"

మోహనక్క చేతులు కట్టుకోని నిలబడింది. "నాలుగు నెలలుగా ఆ గుంత ఎవురిదో ఆఫీసోళ్లకే తెలీలేదు సామీ. ఇప్పుడు మైకు ముందర మీరే ఒప్పుకున్నారు."

ఆయన మైకు దిక్కు చూసినాడు. మైకు ఆపే ఉండాది. ఆ సంగతి నేను చెప్పలేదు. గొంతు తేనె మాదిరి చేసుకోని, మైకు దగ్గరికి వంగి, "ప్రజలారా, పది రోజుల్లో పూర్తి చేస్తాను" అని చెప్పి పోయినాడు. వీధికి ఒక పక్క కాలవ మీద నిజంగానే బండలు పడినాయి. రెండో పక్కకు ఇంకో చరణం కట్టాల్సొచ్చింది.

కానీ మా రేడియో సంఘం కమిటీ వాళ్లు కాంట్రాక్టరుకు భయపడి కార్యక్రమం ఆపించినారు. మూడో రోజు పూలు కట్టే ఆడోళ్లు పన్నెండు మంది గంపలతో వచ్చి మా మెట్ల నిండా కూర్చున్నారు. "పాట వేసేదాకా ఈడే పూలు కట్టుకుంటాం" అన్నారు. కమిటీ అధ్యక్షుడు చామంతి రేకుల మీద కాలు జారి రెండు మెట్లు కిందికి వచ్చినాడు. ఆ పూటే కార్యక్రమం మళ్లీ మొదలయింది. ప్రకటనలతో బతికే పెద్ద స్టేషను అయితే ముందు ఆ కాంట్రాక్టరు ప్రకటన వచ్చుండు, వెనకాలే మోహనక్కకు దండం పెట్టి పంపేసి ఉందురు.

ఇప్పుడు పెండ్లిండ్లలో ఒక గంట సేపు డీజే ఆపి మోహనక్కను పాడిస్తా ఉండారు. పోయిన వారం పుత్తూరు నుంచి ఒకామె, పెండ్లికొడుకు తల్లి, చంద్రకాంతమ్మ అంట, ఫోను చేసింది. తన గురక గురించి, తన పిసినారితనం గురించి, కోడలికి పెట్టబోయే పేచీల గురించి వరసగా చెప్పి రాసుకోమనింది.

"బాగా తిట్టల్ల మోహనా. మా తోడికోడల్ని పోయిన నెల మూడు నిమిషాలు తిట్టినావంట. నాకు తక్కువైతే ఊరుకోను" అనింది.