పగిలిన మడమలు

1946 వేసవిలో బెజవాడలో మా క్లబ్బువాళ్లు నెలనెలా పెట్టుకునే భోజనానికి నన్ను ఉపన్యాసమివ్వమన్నారు. అప్పటికి పన్నెండేళ్లుగా పోస్ట్‌మార్టంలు, అంటే శవపరీక్షలు, చేస్తున్నాను. గుర్తు తెలియని శవం ఎవరిదో తేల్చే పనిని మేం ఐడెంటిఫికేషన్ అంటాం. అన్నం ముందు ఈ మాటలేమిటని ఎవరూ అనలేదు. ప్లీడర్లు, బట్టల వ్యాపారులు గోంగూర కలుపుకుంటూ చెవులు రిక్కించారు. నాకూ ఊపొచ్చి, నా గొప్ప కేసు అనుకున్నదాన్నే ఎత్తుకున్నాను.

రెండేళ్ల కిందట కాలువ లాకుల దగ్గర ఒక మగ శవం తేలింది. ముఖం పోల్చుకునేలా లేదు. పంచె మూలన జీడిరసంతో పెట్టిన చాకలి గుర్తు ఉంది: మూడు చుక్కలు, ఒక అడ్డగీత. ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి పెట్టుకునే గుర్తది. దాన్ని పట్టుకుని పోలీసులు ఊరూరా తిరిగితే, మంగళగిరి చాకలి ఒకడు అది నేతపని చేసే వీరాస్వామి పంచె అన్నాడు. వీరాస్వామి అన్నతో గొడవపడి ఇల్లు విడిచి అప్పటికి మూడు వారాలు. వయసు, పొడవు సరిపోయాయి. నేను సంతకం పెట్టేశాను.

"భార్య నాగరత్నం ఒక్కతే ఒప్పుకోలేదు," అని క్లబ్బులో నవ్వుతూ చెప్పాను. "'మా ఆయన మడమలు ఇట్టా పగలవండీ' అంది. నీళ్లలో నానితే పాదాలు మారిపోతాయమ్మా అని నచ్చజెప్పి పంపాను." అందరూ చప్పట్లు కొట్టారు.

భోజనాలయ్యాక, బల్లల మీది గుడ్డలు మూటగడుతున్న క్లబ్బు చాకలి నా దగ్గరకొచ్చాడు. పెద్దవాడు.

"బాబుగారూ, ఏమీ అనుకోమాకండి. ఆ గుర్తు పంచె ఎవరిదో చెబుద్దండి. ఎవరు కట్టుకున్నారో చెబుద్దా?"

"అంటే?"

"పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ వేరేవాళ్లు మా దగ్గర ఉతికిన ఇంటోళ్ల పంచెలు అద్దెకి తీసుకెళ్తారండి. ఆ మాట బయటపడితే మళ్లీ ఏ ఇంటోళ్లూ మాకు బట్టలెయ్యరు. అందుకే ఆ మంగళగిరాయన చెప్పుండడు."

మర్నాడే రైలెక్కి మంగళగిరి వెళ్లాను. నాగరత్నం గడపలోకి వచ్చింది. నుదుట బొట్టు, చేతులకు గాజులు. లోపల మగ్గం ఆడుతోంది.

"ఆయనొచ్చి ఆర్నెల్లయిందండీ," అంది. "షోలాపూర్‌లో మగ్గం పనికి పోయాడంట. పోలీసులంటే భయపడి, తిరిగొచ్చిన సంగతి ఎవరికీ చెప్పలా. ఏడాదిన్నర విధవరాల్ని చేశారండీ నన్ను. గాజులు పగలగొడతంటే కూడా, కాదు కాదని చెప్తానే ఉన్నా. డాక్టరుగారు సంతకం పెట్టాక నీ మాటేంటే అన్నారు."

తప్పయిందమ్మా అన్నాను. సిగ్గుతో తల దించుకుంటే గుంటమగ్గంలో వీరాస్వామి పాదాలు కనిపించాయి. పొద్దస్తమానం నీడలో కూర్చుని చెక్కలు తొక్కే పాదాలు. మడమలు నున్నగా ఉన్నాయి. రాళ్లదారుల్లో, పొలాల్లో తిరిగే కాళ్లెలా ఉంటాయో తెలియనివాణ్ణా నేను?

వెళ్లబోతుంటే ఆమె ఆపింది.

"మరి మా బావగారు తలకొరివి పెట్టింది ఎవరికండీ? ఆ మనిషి ఇంట్లో కూడా ఒకావిడ బొట్టు పెట్టుకుని ఎదురు చూస్తా ఉంటది గదండీ?"

నిజం చెబుతున్నాను, ఆ ఆలోచన నాకు అప్పటిదాకా రాలేదు. నేరుగా ఆ ఊరి చాకలి దగ్గరకు వెళ్లాను. ఏడ్చేశాడు. "మైలవరం వైపు నించి కోతలకొచ్చిన కూలీ అండీ. పేరడగలా," అన్నాడు. సెలవు దొరికినప్పుడల్లా ఆ వైపు పల్లెలు తిరిగాను. కోతలకు వెళ్లి తిరిగిరాని వాళ్లు ఒకరు కాదు, ప్రతి పల్లెలోనూ ఉన్నారు. చూపించి అడగడానికి నా దగ్గర ఫోటో కూడా లేదు.

ఆ తర్వాత ఏ కేసులోనైనా, కాదన్నవాళ్ల మాట ముందు రాసుకున్నాకే సంతకం పెట్టాను. నేర్చుకున్నాను, నిజమే. మూల్యం చెల్లించింది మాత్రం నేను కాదు. ఆ కూలీ గురించి ఈ లోకంలో మిగిలింది, శవపరీక్ష నాడు నా నోటుపుస్తకంలో నా చేత్తో నేనే రాసుకున్న ఒక్క ముక్క: "మడమలు బాగా పగిలి ఉన్నాయి."