తాగుడు మట్టుకే చెప్పమన్నాను

మొన్న ఆదివారం మా సంఘంలో ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు ఒక యువకుడు లేచి తన తాగుడు ఒప్పుకుంటుంటే, కొత్తగా వచ్చిన పాస్టరు గారు, ఎందుకు తాగవలసి వస్తోందో ఆరాధన అయ్యాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. ఆ తర్వాత నా చేతికొచ్చిన చిన్న గ్లాసులో ద్రాక్షరసం అందరికంటే ఆఖరున తాగాను.

నేను సంఘపెద్దగా ఉన్న రోజుల్లో ఆ ప్రశ్న లేదు. నర్సీపట్నంలో మన తరం విశ్వాసులకు గుర్తుండే ఉంటుంది, తాగినవాణ్ణి బల్లకు దూరం పెట్టి, మూడు నెలలు వెనక బెంచీలో కూర్చోబెట్టి, సంఘం ముందు ఒప్పుకున్నాకే చేర్చుకునేవాళ్ళం. బల్ల కోసం ఎండుద్రాక్ష ఉడికించి రసం తీసే గిన్నెను, రసం పులవకూడదని మా ఆవిడ రెండుసార్లు తోమేది. అంత పట్టింపు మాది.

ఆ వెనక బెంచీకి మా అక్క కొడుకు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, క్వయిరుకు హార్మోనియం వాయించేవాడు, ఎస్. రాయవరం నుంచి పెళ్ళిసంబంధం వాళ్ళు చూడటానికొచ్చిన రోజున తాగి పడిపోయాడు. ఒప్పుకోలుకు ముందురోజు సాయంత్రం చర్చి మెట్ల మీద నా పక్కన కూర్చుని, తనకు మనసు పోయేది మగవాళ్ళ మీదేనని, మార్చమని ఏళ్ళ తరబడి ఉపవాసముండి ప్రార్థించినా మారలేదని చెప్పాడు.

"తాగనేదంటే మీ అందరి మద్దిన కూకోలేకపోతన్నాను మావయ్యా. రేపు ఇదంతా సెప్పెయ్యాలని ఉంది."

నాకు భయం వేసింది. ఆ భయం వాడి కోసమేననుకున్నాను.

"తాగుడు మట్టుకే సెప్పరా. మిగతాది నాకు కూడా సెప్పనట్టే ఉండు."

మర్నాడు వాడు అంతే చెప్పాడు, అందరం స్తోత్రం అన్నాం, వాడికి రొట్టె అందించింది నేనే. నెల తిరక్కుండా మళ్ళీ తాగాడు, ఇంకా ఎక్కువగా. ఆ తర్వాత విశాఖపట్నం వెళ్ళిపోయాడు. తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి గురించి ఎన్ని ఆదివారాలు బోధించానో లెక్కలేదు. తనంతట తానే మెట్ల దాకా వచ్చినవాడి నోరు మూయించాను.

పోయిన నెల ఫోను చేసి, తాగుడు మానేసి ఏడేళ్ళయిందన్నాడు. ఎవరు మాన్పించారని అడిగాను.

"ఎవరూ మాన్పించనేదు మావయ్యా. నాను సెప్పింది ఆఖరిదాకా ఇన్నోడు ఒకడు దొరికాడు."

వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారట.

ఇప్పుడు ఎండుద్రాక్ష ఉడికించే పని లేదు, రసం సీసాల్లో వస్తోంది. వెనక బెంచీ తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేను మాత్రం రోజూ తెల్లవారుజామున మోకరిస్తాను. ఎంత చెప్పుకున్నా దేవుడు ఆఖరిదాకా వింటాడు. ఆ మాత్రం నేను మా వాడికి చేయలేకపోయాను.