జవాబు రాని ఛానల్

ఆ రోజు రేడియోలో నాన్నకు జవాబు రాకపోవడానికి కారణం నేనేనని ఇన్నేళ్లూ చెప్పలేదు. నిన్న నా కారులో, దారిలో పోయే లారీవాళ్లతో మాట్లాడుకునే సీబీ రేడియో బిగిస్తుంటే, కొత్త ప్లాస్టిక్ వాసనకి అదే గుర్తొచ్చింది.

అడిలైడ్ నుంచి పెర్త్ వెళ్లే దారి. కనుచూపు మేరలో మా ముందు ఒకే ఒక్క లారీ. డ్రైవర్లు మాట్లాడుకునే నలభయ్యో ఛానల్ పెట్టి, నాన్న ముచ్చటపడుతూ కొత్త రేడియో మైకు అందుకున్నాడు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్, హౌ ఆర్ యూ సార్?"

ఎక్కడో వెనకున్న మా స్కూల్లోనూ అది వినిపిస్తుందనుకున్నాను. ఆయన యాసకి అందరూ నవ్వుతారని భయమేసి, నాన్న చూడకుండా ఛానల్ మార్చేశాను. నాన్న మళ్లీ మళ్లీ పిలిచాడు. గరగర తప్ప ఏమీ రాలేదు.

"మనతో ఎవరు మాట్లాడతార్లేరా," అని మైకు తగిలించేశాడు. మళ్లీ ఎప్పుడూ దాన్ని ముట్టలేదు.

ఈ ఉదయం ఆయన పక్కన కూర్చుని చెప్పాను. "నాన్నా, ఆ రోజు ఆ లారీ డ్రైవర్ జవాబిచ్చినా నీకు వినిపించేది కాదు. ఛానల్ మార్చింది నేనే. నన్ను క్షమించు."