ఆముదం గుడ్డలు

మా కారు టాపు మీది క్యారియర్‌కు నాలుగు కాళ్లు. ఆ కాళ్లను టాపుకు బిగించిన చోట తుప్పు పడుతుందని మా బాపుకు బెంగ. నిజానికి ఆ బెంగ నాకుండాలి. తెలంగాణ వచ్చిన తరువాత పాత కారు కొని, నార్కట్‌పల్లి అడ్డా నుంచి యాదగిరిగుట్టకు కిరాయిలు తోలుకునేది నేను. కానీ మోకాళ్లు అరిగి వ్యవసాయం మానేశాక బాపుకు ఆ నాలుగు కాళ్లే పని అయ్యాయి.

ఆయన సగం ఆయుష్షు ఎడ్లబండి మీదే గడిచింది. ఇరుసుకు ఆముదం గుడ్డ చుట్టడం ఆయనకు తెలిసిన విద్య. వానలకు ముందు పాత ధోవతి చింపి, ఆముదంలో నానబెట్టి, క్యారియర్ కాళ్ల మొదట్లో చుట్టి సుతిలి తాడుతో బిగించేవాడు.

"చిలుం ఇనుమును చెదలు లెక్క తింటదిరా. ఆముదముంటే దగ్గరికి రాదు," అనేవాడు.

"కారుకు కాలు బెణికిందా, మీ నాయనతోని కట్టు కట్టించినవ్?" అని అడ్డా మీద తోటి డ్రైవర్లు ఆటపట్టించేవారు. నేనూ నవ్వేవాణ్ని.

మూడో వానాకాలంలో, గుట్ట నుంచి వస్తుంటే, వెనక సీట్లో ఉన్న పెద్దావిడ ఒడిలోని ప్రసాదం మీద టాపు నుంచి ఎర్రటి నీళ్లు కారాయి. ఆవిడా, ఆవిడ ఇంటివాళ్లూ దిగేదాకా నన్ను తిడుతూనే ఉన్నారు. నేరుగా డెంటింగ్ షెడ్డుకు పోయాను. అక్కడి పెద్దాయనను మేమంతా చాచా అంటాం. ఆయన గుడ్డలు విప్పి స్క్రూడ్రైవర్ మొన ఆనించగానే అది టాపులోకి దిగిపోయింది.

"ఆముదం రెండు వానలకే కొట్టుకపాయె బేటా. గుడ్డ నీళ్లు తాగి గట్లనే కూసున్నది. ఇరుసంటే దినాం తిరుగుతది, గిది తిరుగుతదా? బోల్టు విప్పి చిలుం గీకాలె. మంచిగ ఆరినంక రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టాలె. గాలి తాకనియ్యాలె," అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు నా నోరు మంచిది కాదు. ఇంటికొచ్చి, ఇరుగుపొరుగు చూస్తుండగా, ఆ తడి గుడ్డలు బాపు ముందర పడేశాను.

"చెయ్యి పెట్టి కారు కరాబు చేసినవ్. ఇంకోసారి ముట్టకు!"

ఆయన ఒక గుడ్డ తీసుకుని పిండి చూశాడు. వేళ్లన్నీ ఎర్రగా అయ్యాయి. "బండికి గట్లనే కడితిమి గదరా," అని మాత్రం అన్నాడు.

చాచా చెప్పినట్టే చేయించాను. టాపు బాగైంది. నాలుగు రోజులకు నా కోపమూ పోయింది. పోయిందని ఆయనకు చెప్పాలని మాత్రం నాకు తోచలేదు.

ఆ చలికాలం ఆయాసం ఎక్కువై ఆయనను నల్లగొండ దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. నేను స్టీరింగ్ ముందు కూర్చుని చూస్తే, బాపు అవతలి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఊపిరి ఎగపోస్తున్నాడు. చేతులు రెండూ దుప్పటి లోపలే ఉన్నాయి.

"ఎక్కు బాపూ, లాకు తీసే ఉంది," అని కేకేశాను.

"నువ్వొచ్చి తియ్యిరా. నేను ముట్ట," అన్నాడు.

అలిగి అన్న మాట కాదది. నేను చెప్పింది చేస్తున్నాడు, అంతే. దిగి వెళ్లి తలుపు తీశాను. తప్పయింది బాపూ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

మూడో రోజు బాపు శవాన్ని వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చాం. ఇంటి ముందర కారు తలుపు నేనే తీశాను.